కర్త మాట, శ్రోత ధర్మము

కాళిదాసు తన మేఘసందేశమునకు తానే వ్యాఖ్య వ్రాసికొనలేదు. అనేక శతాబ్దములు గడచిన పిమ్మట కోలాచల మల్లినాథసూరి ఆ పని చేసెను. కవి కాలము వేఱు, వ్యాఖ్యాత కాలము వేఱు. వ్యాఖ్యాతకు సందేహము కలిగినప్పుడు పోయి కవి నడుగుటకు వీలు లేకుండెను. శ్లోకమే యతనికి దిక్కు. ఈ దూరము లాభమా, నష్టమా యని విచారింపవలసిన యవసరము పూర్వులకు కలుగలేదు.

మనకు కలిగినది. నేటి రాత్రి టెలివిజనులో నొక ధారావాహిక నాటకము ముగియును. రేపు దాని కర్త రేడియోలో మాటలాడును. ఆ పాత్ర నట్లేల నడపితిరి, ఆ కథ నిట్లేల ముగించితిరి యని ప్రశ్నించువా రడుగుదురు, కర్త చెప్పును, మనము వంటయింటనో, ప్రయాణములోనో యుండి విందుము. వెనువెంటనే విమర్శకు డొకడు వచ్చి యా నాటకపు గుణదోషములను తూచును. ఈ యాచారము వలన కలుగు వినోదమును వర్ణించుటకు నేను పూనుకొనలేదు. దీనిలో నొక ధర్మసందేహ మున్నది. కృతి యర్థమును నిర్ణయించు నధికారము కర్తకు కలదా? కృతి వలన లోకమున పుట్టు మంచిచెడ్డలకు జవాబు చెప్పవలసిన బాధ్యత కర్తకు కలదా? ఈ రెండును ఒకే ప్రశ్న యని పలువురు తలచుచున్నారు. అధికార మున్నచో బాధ్యత యుండు ననియు, అధికారము లేనిచో బాధ్యతయు లేదనియు వారి వాదము. నాకు తోచిన సిద్ధాంతము వేఱు. కర్తకు అధికారము లేదు. బాధ్యత మాత్రము కలదు.

ముందుగా ఈ యాచారము ఎట్లు నడచుచున్నదో చూతము. దీనికి మిక్కిలి ప్రసిద్ధమైన నిలయ మొకటి అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున కలదు. ఆ నగరపు డబ్ల్యు.హెచ్.వై.వై. రేడియో కేంద్రములోని 'ఫ్రెష్ ఎయిర్' అను సంభాషణ కార్యక్రమము 1975లో టెరీ గ్రాస్ అను నామె చేతికి వచ్చెను. 1985లో అది వారమున కొకమారు దేశమంతటను వినబడసాగెను. 1987 నుండి నేషనల్ పబ్లిక్ రేడియో ద్వారా పనిదినము లన్నింటను ప్రసార మగుచున్నది. ఆ యేటి నుండియే డేవిడ్ బియన్‌కూలీ యను నతడు ఆ కార్యక్రమమునకు టెలివిజను విమర్శకుడుగా నున్నాడు. అనగా ఒకే కప్పు క్రింద రెండు కొలువు లున్నవి. ఒకటి యడుగునది, రెండవది తూచునది. అడుగువారు అతిథిని గౌరవింపవలెను; తూచువారు త్రాసును మాత్రమే గౌరవింపవలెను. ఒక్కొక్కప్పుడు విమర్శకుడే ప్రశ్నించువారి పీఠమున కూర్చుండినను పనులు రెండే. ఈ భేదము చెడినచో రెండు పనులును చెడును. అతిథికి భోజనము వడ్డించుచు నతని నడవడిని గూర్చి తీర్పు చెప్పువాడు మంచి గృహస్థుడును కాడు, మంచి న్యాయాధిపతియు కాడు.

రేడియోకు స్వాభావికమైన గుణ మొకటి ఇచ్చట మిక్కిలి తోడ్పడుచున్నది. టెలివిజను కర్త జీవితమంతయు బొమ్మలతో పనిచేసినవాడు. ముఖము, వెలుగు, వేషము, వెనుకనుండి వినవచ్చు సంగీతము, ఇవి యతని సేన. రేడియో గదిలోనికి వచ్చునప్పు డా సేనను వాకిటనే విడిచి, కంఠ మొక్కటి తోడు తెచ్చుకొని రావలెను. టెరీ గ్రాస్ సంభాషణములలో పెక్కింటియందు అతిథి వేఱొక నగరమందలి గదిలో కూర్చుండును. ఒకరి ముఖ మొకరికి కనబడదు. ఏ ప్రశ్నయైన మిక్కిలి స్వంత విషయమని తోచినచో చెప్పవచ్చు ననియు, దానిని విడిచి ముందునకు సాగెద ననియు ఆమె ముందుగనే యతిథికి చెప్పునట. ఈ మర్యాదకు ఫలము గొప్పది. బలవంతము లేనిచోట మనుష్యుడు నిజము చెప్పుటకు వెఱవడు. చెప్పనొల్లనిచో ఆ యొల్లమియు మనకు వినబడును. మాటకు ముందు గలుగు తడబాటు, నవ్వుతో కప్పిన సంకోచము, ఇవి చెవికి దొరకినట్లు కంటికి దొరకవు.

ఇక మొదటి ప్రశ్న. కర్త వచ్చి యర్థము చెప్పినప్పుడు మన మంగీకరింపవలెనా? డేవిడ్ చేస్ రచించిన 'ది సొప్రానోస్' అను ధారావాహిక 1999 నుండి 2007 వఱకు ఎనుబది యాఱు భాగములుగా నడచెను. దొంగముఠా నాయకు డొకడు ఇంట మంచి తండ్రిగా నుండ గోరుచు, బయట హత్యలు చేయించుచు, మనోవైద్యురాలి యెదుట తన బాధ చెప్పుకొనుచుండును. 2007 జూన్ 10వ తేది నాటి కడపటి భాగమున అతడు భార్యాపుత్రులతో ఫలహారశాలలో కూర్చుండి కూతురి రాకకై తలయెత్తు క్షణమున తెఱ నల్లబడిపోయెను. మాట లేదు, సంగీతము లేదు. పలువురు తమ యింటి యంత్రమే చెడిన దనుకొనిరి. నాయకుడు చచ్చెనా, బ్రదికెనా? నాటి నుండి చేస్ ఎచ్చట మాటలాడినను ఆ ప్రశ్న యతని వెన్నాడుచునే యుండెను. ఏండ్ల తరబడి యతడు తిన్నని యుత్తర మియ్యలేదు. నడుమ నతని నోట జాఱిన యొక్కొక్క మాటను ఇరు పక్షముల వారును సాక్ష్యముగా చేకొని వాదులాడిరి.

చచ్చెనని కర్త ప్రమాణము చేసి చెప్పెననుకొందము. అప్పుడా నల్లని తెఱలో క్రొత్తగా నేమి కనబడును? ఏమియు కనబడదు. చూచినవారి యెదలో నాడు కలిగిన కలత యే యా ముగింపునకు ఫలము. ఏ నిమిషమున మృత్యువు తలుపు తట్టునో తెలియని వానికి భార్యతోడి ఫలహారము కూడ భయస్థానమే యని ఆ కలత మనకు తెలిపెను. కర్త మాట ఆ కలతను తీర్చగలదు గాని, పెంచజాలదు. రాజశేఖరుడు కావ్యమీమాంసలో ప్రతిభను రెండుగా విభజించెను. కావ్యము చేయునది కారయిత్రి. కావ్యమును భావించి తెలిసికొనునది భావయిత్రి. ఒకటి కల చోట రెండవది తప్పక యుండునను నియమము లేదు. ఇంగ్లీషు విమర్శయందును విమ్సాట్, బియర్డ్‌స్లీ యను నిద్దఱు 1946లో నొక వ్యాసము ప్రకటించి, కర్త యుద్దేశము కృతిని తూచుటకు తగిన రాయి కాదని వాదించిరి. కర్త యేమి చేయదలచెనో అది కృతిలో నున్నచో మనకే కనబడును. లేనిచో అతడు నోటితో చెప్పినను కృతిలోనికి వచ్చి చేరదు. కావున రేడియోలో మాటలాడు కర్త సాక్షియే కాని న్యాయాధిపతి కాడు. సాక్షిని మర్యాదతో వినవలెను. తీర్పును అతని చేతి కియ్యరాదు.

ఇంతవఱకు చెప్పినది విని కొందఱు కర్తలు సంతోషింతురు. "అర్థము మీదే యైనచో పాపమును మీదే. మేము కథ చెప్పితిమి. మీరు చెడుగా గ్రహించినచో మే మేమి చేయుదుము?" అందురు. ఇచ్చటనే రెండవ ప్రశ్న పుట్టుచున్నది.

నార్మన్ లియర్ అను ప్రసిద్ధ నిర్మాత 1971లో 'ఆల్ ఇన్ ది ఫ్యామిలీ' యను హాస్య ధారావాహికను ప్రారంభించెను. ఆర్చీ బంకరు అను కథానాయకుడు న్యూయార్కు నగరపు క్వీన్స్ భాగమున నివసించు శ్రామికుడు. నల్లవారన్నను, యూదులన్నను, పరదేశీయులన్నను నోటికి వచ్చిన ట్లెల్ల దూషించును. ద్వేషపు వెఱ్ఱితనమును నవ్వులపాలు చేసి, దానిని బలహీనపఱచవలెనని నిర్మాత సంకల్పము. సంకల్పము మంచిది; నాటకమును మంచిదే. కాని విడ్మర్, రోకీచ్ అను నిద్దఱు పరిశోధకులు 1974లో ప్రకటించిన పరిశీలన యేమి తేల్చెను? అమెరికాలోను, కెనడాలోను ప్రేక్షకులను ప్రశ్నింపగా, ఇతర జాతులయెడ ద్వేషము మెండుగా గలవారు ఆర్చీనే మెచ్చుకొనుచు, అతనియందే తమ పక్షము వాదించువానిని చూచుకొనుచుండిరి. ఒకే హాస్యమునకు ఇద్దఱు నవ్విరి. ఒకడు ద్వేషమును చూచి నవ్వెను, మఱియొకడు ద్వేషముతో కూడి నవ్వెను. నవ్వు చప్పు డొక్కటే.

ఇంతకంటె సమీపకాలపు దృష్టాంతము కలదు. విన్స్ గిల్లిగన్ రచించిన 'బ్రేకింగ్ బ్యాడ్' 2008 నుండి 2013 వఱకు నడచెను. అందలి నాయకుడు వాల్టర్ వైట్ నావంటి బడిపంతులే. ఆల్బుకర్కీ నగరమున పిల్లలకు రసాయనశాస్త్రము చెప్పువాడు. క్యాన్సరు సోకినదని తెలిసి, కుటుంబమునకు ధనము కూడబెట్టుట కొఱకని చెప్పుకొనుచు, తన విద్యను మత్తుమందు వండుటకు వినియోగించును. సజ్జను డొకడు మెట్టు మెట్టుగా దుర్జనుడగుట చూపవలెనని కర్త తలపు. నాటకము ఆ తలపును నెఱవేర్చెను. అయినను ప్రేక్షకులలో పెద్దభాగము కడవఱకు నాయకుని విడువలేదు. అతని దుర్మార్గమున కడ్డుపడిన భార్య స్కైలరును మాత్రము ద్వేషించిరి. ఆ ద్వేషము పాత్రను దాటి, ఆ వేషము ధరించిన యానా గన్ అను నటీమణిని సైతము తాకెను. ఆమె 2013 ఆగస్టులో న్యూయార్క్ టైమ్స్ పత్రికలో ఈ సంగతిని తానే వ్రాసి, భర్తకు లొంగి యుండని స్త్రీని లోకము సహింపలేకపోవుటయే దీనికి మూల మని సూచించెను.

ఆమె సూచన యథార్థమని నేను తలచుచున్నాను. కాని మన మింకొక మెట్టు దిగి చూడవలెను. కథ యెవ్వని వెంట నడచునో, ఎవ్వని భయములను మనకు దగ్గఱగా చూపునో, వాని పక్షమున మనస్సు మొగ్గుట సహజము. ఇది ప్రేక్షకుని దోషము మాత్రమే కాదు. కథ చెప్పు విద్యకే యున్న బలము. ఆ బలమును ప్రయోగించినవాడు ఫలమును గూర్చి తెలియ దనుట చెల్లదు.

దీనిపై నొక యాక్షేపణ రావచ్చును. అర్థముపై అధికారము లేనివానిపై బాధ్యత మోపుట అన్యాయము కాదా? కాదు. ఊరి నడుమ బావి త్రవ్వించిన పుణ్యాత్ముని తలచుకొనుడు. ఆ నీరు ఎవరు త్రాగవలెనో, ఏ వంటకు వాడవలెనో శాసించు నధికార మతనికి లేదు. త్రవ్వించిన నాడే యది యూరి సొత్తయ్యెను. కాని బావికి వరలు కట్టించక విడిచెనేని, చీకటిలో పసివాడు పడినప్పుడు "బావి నాది కాదు" అని తప్పించుకొనవచ్చునా? వరలు కట్టించి యున్నను, మత్తులో వరపై నెక్కి దూకినవానికి మాత్ర మతడు జవాబుదారి కాడు. కర్త బాధ్యతయు నింతే. ప్రతి మూర్ఖుని యపార్థమునకును అతడు దోషి కాడు. కాని వేలకొలది జనులు ఒకే చోట జాఱిపడుచున్నప్పు డా చోటికి వచ్చి చూడవలసినవాడు అతడే. అధికారము పోవుటతో ఋణము తీరిపోదు. కన్నబిడ్డ పెరిగి స్వతంత్రు డైన పిమ్మట తండ్రికి శాసనాధికారము పోవును. బిడ్డ నడవడిని విని తల యెత్తుకొనుటయో, దించుకొనుటయో మాత్రము పోదు.

గిల్లిగన్ ఈ ఋణమును గుర్తించినవాడు. 2025 ఫిబ్రవరిలో అమెరికా రచయితల సంఘము వారు తనకు సన్మానము చేసిన సభలో, తాను సృజించిన దుర్జనుని కంటె సజ్జనుల వలన పేరు పొందియున్న బాగుండు నని యతడు చెప్పెను. దుష్టపాత్రలు హెచ్చరికలుగా నుండుటకు మాఱుగా జనులకు ఆదర్శము లగుచున్నారనియు, రచయితలు మంచివారిని గూర్చి మఱింత వ్రాయవలె ననియు హితవు పలికెను. ఈ మాటలతో అతని నాటకపు టర్థము మాఱలేదు; గుణము తగ్గలేదు. బావి యొద్దకు వచ్చి తొంగిచూచిన వాని మాట లవి. కర్త నుండి మనము కోరదగిన దిదియే.

ఇది యిట్లున్నప్పుడు, ప్రశ్నించువారి ధర్మము తెలియుచున్నది. "ఆ పాత్రకు పే రెట్లు పెట్టితిరి, ఆ నటు డెట్లు దొరకెను" అను ప్రశ్నలు ముచ్చటకు చాలును. అసలు ప్రశ్న యొకటి యుండును. దాని నడుగక యతిథిని సాగనంపుట ఆతిథ్యము కాదు, ముఖస్తుతి. 2014 నవంబరు 15వ తేది నేషనల్ పబ్లిక్ రేడియోలో స్కాట్ సైమన్ అను నతడు బిల్ కాస్బీతోను, ఆయన భార్యతోను మాటలాడెను. 1984 నుండి 1992 వఱకు నడచిన 'ది కాస్బీ షో' ద్వారా నల్లవారి సంసారమును గౌరవముతో చూపి, దేశమునకు తండ్రివంటివాడని పేరుగన్న వాడు కాస్బీ. ఆ దంపతులు వాషింగ్టనులోని ఆఫ్రికా కళల ప్రదర్శనశాలకు తమ చిత్రపటములను ప్రదర్శనార్థ మిచ్చిన సందర్భమది. అప్పటికి స్త్రీలు కొందఱు కాస్బీపై అత్యాచారపు నిందలు మోపియుండిరి. పటములను గూర్చి మాట లైన పిమ్మట సైమన్ ఆ నిందలను ప్రస్తావించి, జవాబు చెప్పుదురా యని యడిగెను. కాస్బీ మాటలాడలేదు, తల యడ్డముగా నూపెను. రేడియోలో తల యూపుట వినబడదు గదా! కావున సైమన్ శ్రోతలకు ఆ సంగతి తానే చెప్పి, మఱల నడిగెను. మఱల మౌనమే.

ఆ మౌనము నేరమునకు రుజువని నేను చెప్పను. రేడియో గది న్యాయస్థానము కాదు. తరువాత 2018లో పెన్సిల్వేనియా న్యాయస్థానమున జూరీవారు కాస్బీని దోషిగా నిర్ణయించిరి. 2021లో ఆ రాష్ట్రపు టున్నత న్యాయస్థానము, మునుపటి ప్రభుత్వ న్యాయవాది యిచ్చిన మాటకు భంగము కలిగినదను కారణమున ఆ తీర్పును కొట్టివేసెను. ఆ విషయములు చట్టమునకు చెందినవి. నేను చూపదలచిన దింతే: అడిగినవాడు అతిథిని తిట్టలేదు, బెదరింపలేదు, తీర్పు చెప్పలేదు. అడుగవలసిన దానిని మర్యాదతో నడిగి, వచ్చిన మౌనమును దాచక వినిపించెను. మంచి చిత్రములను చూపుటకు వచ్చినవాని నిట్లడుగుట తగునా యని సుకుమారచిత్తులు కొందఱు నొచ్చుకొందురు. కాని ఆ యతిథి వెనుక, ఆ గదికి పిలుపు రాని స్త్రీలు నిలిచి యున్నారు. పిలువబడినవాని సౌఖ్యము కొఱకు పిలువబడని వారిని మఱచుట ధర్మము కాదు.

విమర్శకుని ధర్మమును ఇట్టిదే. అతడు కర్త స్నేహితుడు కాడు, శత్రువు కాడు. చూచువారి పక్షమున ముందుగా పోయి దారి చూచి వచ్చిన వాడు. నిన్నటి సంభాషణములో కర్త యెంత మధురముగా మాటలాడినను, నేటి విమర్శలో నాటకమందు లేని గుణము నంటగట్టరాదు. కర్త గర్విష్ఠి యైనంత మాత్రమున నాటకమం దున్న గుణమును దాచరాదు.

కర్త నేమడిగిన మేలు కలుగునో యొక దృష్టాంతముతో చెప్పెదను. 2002 నుండి 2008 వఱకు నడచిన 'ది వైర్' అను నాటకమునకు కర్త డేవిడ్ సైమన్. అతడు మునుపు బాల్టిమోర్ సన్ పత్రికలో పోలీసు వార్తలు వ్రాసినవాడు. అతనికి తోడు నిలిచిన ఎడ్ బర్న్స్ ఆ నగరమున పోలీసు డిటెక్టివుగా పనిచేసి, పిమ్మట ప్రభుత్వ పాఠశాలలో నుపాధ్యాయు డయ్యెను. 2006లో వచ్చిన నాలుగవ భాగమాల యందు, బీద పిల్లలు బడిలో నుండి వీథిలోనికి జాఱిపోవు విధము చూపబడెను. ఇట్టి కర్తల నడుగవలసినది, "దీని యర్థమేమి" యని కాదు. "దీనిని మీ రెచ్చట చూచితిరి, ఎవరి నోట వింటిరి, చూచినదానిలో దేనిని విడిచితిరి, ఏల విడిచితిరి" అని. ఇవి సాక్షిని ప్రశ్నించు తీరులు. ఈ ప్రశ్నలకు కర్త తప్ప మఱియొకరు జవాబు చెప్పజాలరు. అర్థమును మాత్రము ఇంట కూర్చుండి చూచిన తల్లియు, చదువుకొను కుమార్తెయు కూడ చెప్పగలరు.

ఈ మాటలు దూరదేశపు రేడియోను గూర్చినవే యైనను వినుచున్న చెవులు మనవి కూడ. నేడు ఆ సంభాషణములు సముద్రములు దాటి మన గదులలోనికి వచ్చుచున్నవి. కావున గృహస్థులకు నాదొక మనవి. నాటకమును చూచిన వెంటనే కర్త మాటకై పరుగెత్తకుడు. ఒక రాత్రి గడవనిండు. ఇంటిలోని వారందఱు కూర్చుండి, నాటకము దేనిని ప్రేమింపజేసెను, ఎవరిని ద్వేషింపజేసెను, ఎవరి బాధను చూడనీయక దాటించెను అని యొకరి నొకరు అడిగికొనుడు. నాయకుని సాహసమునకు కుమారుడు చప్పట్లు చఱచినచో, ఆ సాహసమున నలిగిన భార్య మాట యేమని తల్లి యడుగవలెను. ఆ ప్రశ్నను తండ్రి నవ్వి త్రోసివేయరాదు. పిమ్మట కర్తను వినుడు. అప్పుడతని మాట మీ తీర్పునకు మాఱుగా రాదు. మీ తీర్పును పరీక్షించుటకు వచ్చును.

కథలు చెప్పువారి కంఠములు నానాటికి హెచ్చుచున్నవి. వారిని వినుట తప్పు కాదు. వారి మాటకు మన వివేకమును తాకట్టు పెట్టుట తప్పు. వారిని క్షమించుట తప్పు కాదు. అడుగవలసినది అడుగక విడుచుట తప్పు. సాక్షి సాక్షిగా నుండి, ప్రశ్నించువారు నిర్భయముగా ప్రశ్నించి, తూచువారు త్రాసు నిలిపి పట్టినచో, తీర్పు చెప్పు భారము తిరిగి తిరిగి మన గడపకే వచ్చి చేరును. ఆ భారమును ఇతరులపైకి నెట్టక మోయుటయే శ్రోత ధర్మము.